చలికాలంలో రెండు రాత్రులకు లంబసింగి మేలా, అరకు మేలా? పెద్దవారితో, చిన్నపిల్లతో ప్రయాణం

ప్రశ్న: గౌతమీతీరం, రాజమహేంద్రవరం

అందరికీ నమస్కారం. సంక్రాంతి హడావిడి ముగిశాక, జనవరి మూడో వారంలో మా కుటుంబమంతా కలిసి రెండు రాత్రులు మన్యంలో గడిపి రావాలని అనుకుంటున్నాము. వచ్చేది ఐదుగురం: నేను, మావారు, ఏడేళ్ల మా అమ్మాయి, మా అమ్మ, నాన్న. నాన్నగారికి 68 ఏళ్లు. పదేళ్లుగా ఆయాసం ఉంది, మందు పీల్చే ఇన్‌హేలర్ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నడక తక్కువ. సొంత కారులోనే వెళ్తాము. మావారికి ఘాట్ రోడ్డు మీద నడిపిన అనుభవం కొద్దిగానే ఉంది.

ఇంట్లో తలా ఒక కోరికతో ఉన్నారు. అమ్మాయికి మంచు చూడాలని ఉంది. బడిలో ఎవరో లంబసింగిలో మంచు కురుస్తుందని చెప్పారట, ఆ మంచును ముద్దలు చేసి ఆడుకోవచ్చని అప్పటినుంచి కలలు కంటోంది. మావారు అరకు రైలు ప్రయాణం, బొర్రా గుహలు, మర్నాడు వంజంగి కొండ మీద సూర్యోదయం, ఆ తరువాత లంబసింగి అన్నీ ఒకే ప్రయాణంలో చూసేయాలంటున్నారు. నాన్నగారి కోరిక వేరు. ఆయన చిన్నతనంలో వాళ్ల తాతగారి నోట అల్లూరి సీతారామరాజు కథలు విని పెరిగారు. చింతపల్లి, కృష్ణదేవిపేట ఒక్కసారైనా చూడాలని ఆయన అంటూ ఉండటం నాకు ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్నాను. మోకాళ్లు, ఊపిరి సహకరించే రోజులు ఇంకెన్ని ఉంటాయోనని ఈ ఏడాదే తీసుకెళ్లాలని నా పట్టుదల.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. రెండు రాత్రుల్లో ఈ రెండు ఊళ్లూ సాధ్యమా, లేక ఒక్కటే ఎంచుకోవాలా? ఆయాసం ఉన్నవారిని అంత చలిలోకి తీసుకెళ్లడం క్షేమమేనా? నిజంగా అక్కడ మంచు కురుస్తుందా? వెళ్లివచ్చినవారు, ముఖ్యంగా పెద్దవారిని వెంట తీసుకెళ్లినవారు, తమ అనుభవం నుంచి చెప్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు 1: సాగరతీరవాసి, విశాఖపట్నం

గౌతమీతీరం గారికి నమస్కారం. ఇరవై ఏళ్లకు పైగా దాదాపు ప్రతి చలికాలంలోనూ ఏదో ఒక కొండ మీదికి వెళ్లివస్తున్నాను. ముందుగా మీ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్తాను, ఎందుకంటే చాలామంది పెద్దవాళ్లు కూడా ఇక్కడే పొరబడి, వెళ్లాక నిరుత్సాహపడుతున్నారు.

మన భాషలో గడ్డి మీద తెల్లవారుజామున కనిపించే బిందువులూ మంచే, దారి కనపడనివ్వని పొగా మంచే, హిమాలయాల మీద కురిసేదీ మంచే. మూడింటికీ ఒక్క మాటే వాడుతున్నందువల్ల ‘లంబసింగిలో మంచు’ అని విన్నవారి కళ్లముందు కశ్మీరు మెదులుతుంది. లంబసింగిలో ఉండేది పొగమంచు. చలి బాగా ముదిరిన రోజుల్లో గడ్డిపరకల మీది బిందువులు గడ్డకట్టి తెల్లగా పేరుకోవడం కూడా ఉంటుంది కానీ, ఆకాశం నుంచి హిమం రాలడం, ముద్దలు చేసి ఆడుకోవడం ఉండవు. ఈ సంగతి అమ్మాయికి ముందే చెప్పి, మేఘంలోకి నడిచి వెళ్లబోతున్నామని చెప్పండి. అది అబద్ధం కాదు, పిల్లలకు అదీ తక్కువ వింత కాదు.

ఆ పొగమంచు ఎలా పుడుతుందో తెలిస్తే ఏ రోజు ఆశించాలో కూడా తెలుస్తుంది. లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తులో, చుట్టూ కొండలున్న చోట ఉంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి స్తంభించి ఉంటే నేలలోని వేడంతా పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి వాలుల మీదుగా పల్లంలోకి జారి నిలుస్తుంది, దానిలోని తేమ సన్నని తుంపరగా మారి లోయను నింపుతుంది. ఎండ ఎక్కేకొద్దీ, ఎనిమిదికో తొమ్మిదికో అది విచ్చిపోతుంది. రాత్రి మబ్బు పట్టినా గాలి వీచినా మర్నాడు పొద్దున ఏమీ కనిపించకపోవచ్చు. అందువల్ల ఒక్క ఉదయం మీద ఆశ పెట్టుకుని పరుగెత్తడం కంటే, ఒకే చోట రెండు ఉదయాలు గడపడం మంచిది. రెండు ఊళ్లూ సాధ్యమా అన్న మీ ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది.

అరకు నుంచి లంబసింగికి పాడేరు మీదుగా దాదాపు 100 కిలోమీటర్లు ఉంటుంది. మైదానంలో అయితే రెండు గంటల మాట. అక్కడ మలుపులు, వారపు సంతల రద్దీ, పశువులు, పొగమంచు అన్నీ కలిసి మూడు గంటలు దాటిపోతుంది. పైగా పొద్దు తక్కువ. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు అని మన పెద్దలు అన్న కాలం సరిగ్గా మీరు వెళ్లబోయేదే. మీవారి పథకం ప్రకారం వెళ్తే మీ నాన్నగారు మన్యాన్ని కారు అద్దంలోంచి మాత్రమే చూస్తారు.

అరకు ప్రయాణం తక్కువదని నేను అనడం లేదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం మన ఇంజనీర్ల పనితనానికి నిలువెత్తు నిదర్శనం. సొరంగం వెనుక సొరంగంగా, లోయల అంచునే సాగే ఆ దారిలో 2017 నుంచి అద్దాల పైకప్పు గల విస్టాడోమ్ పెట్టె కూడా నడుస్తోంది. రైలు ఉదయం ఏడు గంటలలోపే విశాఖలో బయలుదేరి, సుమారు నాలుగు గంటల్లో అరకు చేరుస్తుంది. మోకాళ్ల నొప్పులున్న మీ అమ్మగారికి రైలు సుఖమే కానీ, బొర్రా గుహల్లో మెట్లు చాలా దిగి మళ్లీ ఎక్కాలి, లోపల గాలి ఉక్కగా, తడిగా ఉంటుంది. ఆయాసం ఉన్నవారికి ఆ ఎక్కడం కష్టం. ఇంకొక మాట: అరకు పొలాల్లో పసుపుపచ్చగా విరబూసే వలిసె పూలను చూడాలని ఎవరైనా మిమ్మల్ని ఊరించి ఉంటే, వాటి అదను నవంబరు, మహా అయితే డిసెంబరు మొదటి రోజులు. జనవరిలో ఆ పొలాలు కోసేసి ఉంటాయి.

వంజంగి సంగతి కూడా చెప్పాలి. పాడేరు దగ్గరి ఆ కొండ మీద నిలబడి కింద మేఘాల సముద్రాన్ని చూడటం నా జీవితంలోని గొప్ప ఉదయాలలో ఒకటి. అయితే వాహనం ఆగిన చోటినుంచి చీకట్లో, రాళ్ల దారిలో పైకి నడవాలి. మీ తల్లిదండ్రులిద్దరికీ అది కుదరదు. వారిని కింద వదిలి మీరు ఎక్కడం ఈ ప్రయాణపు ఉద్దేశానికే విరుద్ధమని నా అభిప్రాయం.

నాన్నగారి కోరికే ఈ ప్రయాణానికి మూలమైతే లంబసింగిని ఎంచుకోండి. అక్కడినుంచి చింతపల్లి ఇరవై కిలోమీటర్లలోపే. అరకు రైలును ఇంకో ఏడాదికి దాచుకోండి.

జవాబు 2: మన్యం మాస్టారు, చింతపల్లి మండలం

అమ్మా, నేను ఈ మండలంలోనే బడిపంతులుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పై జవాబులో పెద్దలు చెప్పినవన్నీ నిజమే. వాటికి ఇక్కడ కాపురముంటున్నవాడిగా కొన్ని మాటలు చేర్చాలని ఉంది.

లంబసింగిని ఇక్కడివాళ్లు కొర్రబయలు అని కూడా అంటారు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రులా, అంటే కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెప్తారు. పేరులోనే హెచ్చరిక ఉంది కాబట్టి చలిని తేలికగా తీసుకోకండి. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం మామూలు, కొన్ని రాత్రులు ఐదు డిగ్రీలకన్నా కిందికి పోతుంది. మధ్యాహ్నం మాత్రం ఎండ చురుక్కుమంటుంది. అందువల్ల ఒక్క మందపాటి కోటు కంటే, తీసి వేసుకోవడానికి వీలుగా పొరలు పొరలుగా బట్టలు తెచ్చుకోవడం మేలు. లోపల నూలు చొక్కా, దానిమీద స్వెట్టరు, ఆపైన శాలువా, చెవులు కప్పే టోపీ, కాళ్లకు ఉన్ని మేజోళ్లు. గోదావరి జిల్లాలవారు తరచు కాళ్ల సంగతి మరచిపోతారు, మొదట జివ్వుమనేది అవే.

బస గురించి ఒక్కటే మాట. ఈ మధ్య గుడారాల్లో రాత్రి గడపడం బాగా ప్రచారంలోకి వచ్చింది. వయసులో ఉన్నవారికి అది సరదాయే కానీ, తెల్లవారుజామున గుడారం గుడ్డ లోపలివైపు కూడా చెమ్మ పట్టి కారుతుంది. మీ నాన్నగారికి గోడలు, తలుపు, వేడినీళ్లు ఉన్న గదే కావాలి. క్రిస్మస్ నుంచి సంక్రాంతి దాకా, అలాగే ప్రతి శని ఆదివారాలలో గదులు దొరకడం కష్టం, దారి పొడవునా కార్లు నిలిచిపోతాయి. రిపబ్లిక్ దినోత్సవం వారాంతానికి కలిసివచ్చిన ఏడాది మరీను. సోమవారం నుంచి గురువారంలోపు రాగలిగితే మీరు చూసే లంబసింగి వేరుగా ఉంటుంది.

నర్సీపట్నంలోనే పెట్రోలు నింపుకోండి, చేతిలో కొంత నగదు ఉంచుకోండి. పైకి వచ్చాక ఫోను సిగ్నలు ఉన్నట్టే ఉండి పోతుంది కనుక ఫోను ద్వారా డబ్బు చెల్లించడం ప్రతిచోటా కుదరదు. ఘాట్ ఎక్కడం మధ్యాహ్నం మూడు గంటలలోపు ముగించండి. ఎక్కేటప్పుడు వాడిన గేరులోనే దిగాలన్నది ఇక్కడి డ్రైవర్లు చెప్పే మొదటి పాఠం. దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. పొగమంచులో హెడ్‌లైటు పెద్ద వెలుగులో పెడితే ఎదురుగా తెల్లని గోడ తప్ప ఏమీ కనపడదు, చిన్న వెలుగులో నెమ్మదిగా నడపాలి. మీవారికి అనుభవం తక్కువ అన్నారు కాబట్టి ఈ రెండు మాటలూ ఆయనకు తప్పక చదివి వినిపించండి.

ఇక చూడవలసినవి. పొద్దున పొగమంచు కోసం ఎక్కడికీ ఎక్కనక్కరలేదు, ఊరి కూడలిలో నిలబడినా అది మీ దగ్గరికే వస్తుంది. చెరువులవేనం కొండ ఎక్కితే పైనుంచి మేఘాలు కనిపిస్తాయి కానీ అక్కడ నడక ఉంది. తొమ్మిది దాటాక దగ్గరలోని తాజంగి జలాశయానికి కారులోనే వెళ్లి గట్టున ఎండలో కూర్చోవచ్చు. ఈ ప్రాంతంలో కొందరు రైతులు స్ట్రాబెర్రీ వేస్తున్నారు, జనవరి వాటి కోత కాలం. తోటలోకి అడిగి వెళ్లి, మీ అమ్మాయి చేత కోయించి కొనుక్కోండి. కాఫీ పండ్ల కోత కూడా ఈ రోజుల్లోనే సాగుతుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లను అల్లుకున్న మిరియాల తీగలు, ఇళ్ల ముంగిట ఆరబోసిన ఎర్రని కాఫీ పండ్లు కనిపిస్తాయి. ‘అరకు వ్యాలీ అరబికా’ పేరుతో 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కాఫీ ఈ కొండల గిరిజన రైతులు పండిస్తున్నదే. ఆ ఆరబోతల మీదుగా నడవకండి, కారు తిప్పకండి. ఏడాది కష్టం ఆ చాపల మీద ఉంటుంది.

ఇది చెప్పకుండా ఉండలేను. లంబసింగి చాలామందికి రెండు రోజుల విడిది, మా పిల్లలకు మాత్రం బడికి నడిచే దారి. సెలవు రోజుల్లో రోడ్డుకు అడ్డంగా నిలిపిన కార్ల మధ్యనుంచి, పొగమంచులో, పుస్తకాల సంచులతో వాళ్లు దారి వెతుక్కుంటుంటే నాకు గుండె దడగా ఉంటుంది. రాత్రంతా పెద్ద శబ్దంతో పాటలు పెట్టి, తెల్లారాక పగిలిన సీసాలను గడ్డిలో వదిలిపోయినవారూ ఉన్నారు, ఆ గడ్డిలోకే పశువులు మేతకు వెళ్తాయి. చలి కాచుకుంటున్న ముసలమ్మను అడగకుండా ఫొటో తీయడం కూడా నాకు నచ్చదు. కాసేపు ఆమెతో మాట్లాడి, పక్కన కూర్చుంటే ఆమే నెగడు దగ్గరికి జరిగి చోటిస్తుంది. మీరు రాసిన తీరు చూస్తే మీకు ఇవి చెప్పనక్కరలేదనిపిస్తోంది. ఇక్కడ చదివే ఇతరుల కోసం రాశాను.

మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి. 1922 ఆగస్టు 22న రామరాజు దళం చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసింది, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు ఠాణాల్లో కలిపి 26 తుపాకులు చేజిక్కించుకున్నారు. ఆయన ఘాట్ ఎక్కేటప్పుడు కళ్లు తెరిచి కూర్చోవాలి. నర్సీపట్నం వైపునుంచి చింతపల్లి కొండల్లోకి రోడ్డు వేయడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో చేయించిన వెట్టిచాకిరీ ఆ తిరుగుబాటు కారణాల్లో ఒకటి. మనం అరగంటలో దాటేసే మలుపుల వెనుక ఆ చెమట ఉంది.

జవాబు 3: తుంగభద్ర, కర్నూలు

గౌతమీతీరం గారూ, ఆయాసం గురించి మీరు అడిగినదానికి నా అనుభవం చెప్తాను. రెండేళ్ల కిందట డిసెంబరులో మా అత్తగారిని లంబసింగికి తీసుకెళ్లాము. ఆమెకు ఉబ్బసం ఉంది. క్షేమంగానే తిరిగివచ్చాము, కానీ మొదటి రాత్రి నేను చేసిన ఒక పొరపాటు వల్ల ఆమె చాలా ఇబ్బంది పడ్డారు.

సాయంత్రం బస ముందర నెగడు వేశారు. చలికి వెచ్చగా ఉంటుందని నేనే ఆమెను కుర్చీ వేసి దగ్గరగా కూర్చోబెట్టాను. పచ్చి కట్టెల పొగ గాలివాటున ఆమె వైపే వచ్చింది. పావుగంటకే దగ్గు మొదలై, ఛాతీ పట్టేసి, రాత్రి రెండుసార్లు ఇన్‌హేలర్ వాడవలసి వచ్చింది. చలి ఒక్కటే అయితే తట్టుకునేవారేమో, చల్లని పొడి గాలికి కట్టెల పొగ తోడైతే శ్వాసనాళాలు బిగుసుకుపోతాయని తిరిగివచ్చాక మా డాక్టరు వివరించారు. వెళ్లే ముందే ఆయనను అడగకపోవడం నా తప్పు. మీరు బయలుదేరడానికి వారం ముందే నాన్నగారిని చూపించి, మందుల మోతాదు మార్చాలా, అత్యవసరానికి ఇంకేమి ఉంచుకోవాలి అని రాయించుకోండి.

రెండో రోజునుంచి మేము పాటించినవి ఇవి. ఎండ పొడ పడేదాకా ఆమె గది దాటలేదు, కిటికీ అద్దంలోంచే పొగమంచు చూశారు. బయటికి వచ్చినప్పుడు ముక్కు, నోరు కప్పేలా నూలు కండువా చుట్టుకున్నారు. పీల్చే గాలి ఆ గుడ్డలో కాస్త వెచ్చబడి లోపలికి వెళ్తుంది. ఇన్‌హేలర్ సంచిలో కాకుండా ఒంటిమీద బట్టల లోపల ఉంచుకున్నారు, ఎందుకంటే డబ్బా బాగా చల్లబడితే మందు సరిగా రాదు. రాత్రి గదిలో బొగ్గుల కుంపటి పెట్టిస్తామని బసవాళ్లు ప్రేమగా అడిగారు, మేము వద్దన్నాము. తలుపులు మూసిన గదిలో కుంపటి ఎంత ప్రమాదమో అందరికీ తెలియాలి, ఆయాసం లేనివారికి కూడా అది ప్రాణాంతకమే. వేడినీళ్ల సంచి, రెండు రగ్గులు చాలు.

ఎత్తు గురించి భయపడకండి. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి పలచబడి ఊపిరి ఆడకపోవడమన్నది ఉండదు. జాగ్రత్త పడవలసింది చలికి, పొగకు మాత్రమే. చింతపల్లిలోనూ, కింద నర్సీపట్నంలోనూ ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. మీ బస నుంచి అవి ఎంత దూరమో, రాత్రివేళ వాహనం ఎవరు తెస్తారో చేరిన వెంటనే అడిగి పెట్టుకోండి.

మళ్లీ గౌతమీతీరం

ముగ్గురికీ నా కృతజ్ఞతలు. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మాస్టారి మాటలు విన్నాక నాన్నగారు కాసేపు మౌనంగా ఉండిపోయారు, మావారు అరకు ఆలోచన తామే విరమించుకున్నారు. మంగళవారం బయలుదేరి గురువారం తిరిగివచ్చేలా గది ఖాయం చేసుకున్నాము. ఒక్క సందేహం మిగిలింది. కృష్ణదేవిపేటను వెళ్లేటప్పుడు చూడాలా, వచ్చేటప్పుడు చూడాలా?

జవాబు: సాగరతీరవాసి, విశాఖపట్నం

వచ్చేటప్పుడే చూడండి. కృష్ణదేవిపేట లంబసింగి ఘాట్ దారిలో లేదు, నర్సీపట్నం నుంచి గొలుగొండ మీదుగా వేరే దారిలో వెళ్లాలి. వెళ్లే రోజున దానికోసం ఆగితే ఘాట్ ఎక్కేసరికి చీకటి పడుతుంది. మంగళవారం తెల్లవారే బయలుదేరితే తుని మీదుగా పదకొండు ప్రాంతంలో నర్సీపట్నం చేరతారు. అక్కడ పెందలకడనే భోజనం ముగించుకుని కొండ ఎక్కితే రెండు గంటలకల్లా బసలో ఉంటారు. ఆ సాయంత్రం ఏమీ పెట్టుకోవద్దు, నాన్నగారి ఊపిరి ఆ చలికి అలవాటు పడనివ్వండి. బుధవారం పొద్దున పొగమంచు, ఎండ ఎక్కాక తాజంగి, మధ్యాహ్నం చింతపల్లి, చీకటి పడేలోపు గది. గురువారం పొగమంచు పూర్తిగా విచ్చాకే, అంటే తొమ్మిదిన్నర తరువాతే ఘాట్ దిగండి.

కృష్ణదేవిపేటలో సీతారామరాజు సమాధి ఉంది. 1924 మే 7న ఆయనను కొయ్యూరు దగ్గర కాల్చిచంపాక దేహాన్ని అక్కడికే తెచ్చారు. అక్కడ మెట్లు, ఎత్తులు ఏమీ ఇబ్బంది పెట్టవు. మీ నాన్నగారికి తొందర లేకుండా ఒక గంటైనా ఇవ్వండి. కారులో ఒక చిన్న మడత కుర్చీ పెట్టుకుంటే ఈ మూడు రోజులూ మీ అమ్మగారికి, నాన్నగారికి ఇద్దరికీ పనికొస్తుంది.

గౌతమీతీరం, తిరిగివచ్చాక

నిన్న రాత్రి ఇల్లు చేరాము. అందరూ క్షేమం. ఇకముందు వెళ్లేవారికి ఉపయోగపడుతుందని ఏం జరిగిందో రాస్తున్నాను.

మంగళవారం రాత్రి ఆకాశం మబ్బు పట్టింది. బుధవారం పొద్దున ఐదున్నరకే లేచి చూస్తే కొండలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, పొగమంచు జాడే లేదు. పక్క గదివాళ్లు విశాఖ నుంచి ఆ ఒక్క ఉదయం కోసమే వచ్చారు, పాపం, ఎనిమిదికల్లా తిరుగుముఖం పట్టారు. మాకు ఇంకొక ఉదయం ఉందన్న ధీమాతో మేము నిదానంగా ఉపాహారం ముగించి, తాజంగి గట్టున ఎండలో కూర్చున్నాము. అమ్మాయి స్ట్రాబెర్రీ తోటలో గంటసేపు గడిపింది. మధ్యాహ్నం చింతపల్లిలో నాన్నగారు కారు దిగి, అమ్మాయి చెయ్యి పట్టుకుని వీధి వెంట నెమ్మదిగా నడుస్తూ, ఠాణాలో తీసుకున్న ఆయుధాలకు లెక్క రాసి, సంతకం పెట్టి వెళ్లిన రామరాజు కథను మొదటినుంచి చెప్పారు. వాళ్ల తాతగారు చెప్పిన మాటలతోనే చెప్పారని అమ్మ అంది.

ఆ రాత్రి చుక్కలు పొదిగినట్టుగా కనిపించాయి. గురువారం తెల్లారేసరికి కిటికీ బయట తెల్లదనం తప్ప ఏమీ లేదు. మావారు, నేను, అమ్మాయి టోపీలు పెట్టుకుని కూడలి దాకా నడిచాము. పది అడుగుల దూరంలో మనిషి కూడా నీడలా కనిపించాడు. అమ్మాయి కనురెప్పల మీద సన్నని బిందువులు నిలిచాయి. వాటిని వేలితో తీసి చూసుకుని, ఇదేనా మేఘం అని అడిగింది. కంచె మీది సాలెగూటి ప్రతి పోగుకూ పూసలు గుచ్చినట్టు మంచు పట్టి ఉంటే చాలాసేపు అక్కడే నిలబడింది. ముద్దలు చేసే మంచు సంగతి మళ్లీ ఎత్తలేదు.

నాన్నగారు తుంగభద్ర గారు చెప్పినట్టే ఎనిమిదిన్నర దాకా కిటికీ దగ్గర కూర్చున్నారు, ఎండ పొడ పడ్డాక కండువా చుట్టుకుని బయటికి వచ్చారు. మూడు రోజుల్లో మామూలు మోతాదుకు మించి ఒక్కసారి కూడా మందు అవసరం పడలేదు. నెగడు పొగ మాత్రం సాయంత్రాలు గది దాకా వచ్చేది, తలుపు కింద తువ్వాలు అడ్డుపెట్టాము. గది తీసుకునేటప్పుడు నెగడు వేసే చోటికి దూరంగా ఉన్న గది అడగాలని ఎవరూ చెప్పలేదు, అది మేము తెలుసుకున్నది.

ఇంకొక ఉపయోగపడే సంగతి. పొద్దున కరెంటు పోవడం వల్ల రెండు రోజులూ వేడినీళ్లు ఎనిమిది దాటాకే వచ్చాయి. రాత్రే ఫ్లాస్కులో నీళ్లు పోయించి పెట్టుకోబట్టి నాన్నగారికి మందు వేసుకోవడానికి ఇబ్బంది కాలేదు. పెద్దవారితో వెళ్లేవారు రెండు ఫ్లాస్కులు పట్టుకెళ్లండి.

కృష్ణదేవిపేటలో సమాధి దగ్గర ఒక గంట అనుకున్నది రెండు గంటలైంది. మడత కుర్చీ అక్కడ అమ్మకు పనికొచ్చింది, నాన్నగారు కూర్చోలేదు.

మాస్టారూ, మీ బడి ఏ ఊళ్లో ఉందో అడగాల్సింది. చింతపల్లి దారిలో స్వెట్టరు లేకుండా బడికి నడుస్తున్న పిల్లలను చూసినప్పటినుంచి అమ్మ ఉన్ని కొని అల్లడం మొదలుపెట్టింది. వచ్చే కార్తీకానికి ఎన్ని పూర్తయితే అన్ని పంపుతానంటోంది, కొలతలు ఎలా తీసుకోవాలో మీరే చెప్పాలి.